కింగ్‌స్టన్‌లో సియాగా నియోజకవర్గం

జమైకా వెళ్లినవాళ్లు కింగ్‌స్టన్‌లో రెగే గాయకుడు బాబ్ మార్లే ఇల్లు చూసి, నేరుగా బీచ్‌ల వైపు వెళ్లిపోతుంటారు. నన్ను అక్కడికి లాక్కెళ్లింది మాత్రం ఎడ్వర్డ్ సియాగా. లెబనాన్ మూలాలున్న కుటుంబంలో 1930లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టి, నెలల పసివాడిగా జమైకా చేరారాయన. జనాభాలో అత్యధికులు నల్లజాతివాళ్లయిన ఆ దేశానికి 1980లో ప్రధాని అయ్యారు. కటిక పేదల పేట వెస్ట్ కింగ్‌స్టన్ నుంచి 1962లో గెలిచి, 2005 దాకా ఆ సీటు వదల్లేదు. ఆ జనం ఆయన్ని అంతకాలం ఎందుకు గెలిపించారో తెలుసుకోవాలని నా ఆరాటం.

ముందు కరొనేషన్ మార్కెట్‌కి వెళ్లాను. గోనెపట్టాల మీద యామ్ దుంపలు, థైమ్ కట్టలు, అచ్చం మన తోటకూరలా ఉండే కలాలూ, ఘాటు ముక్కుకి తగిలే స్కాచ్ బానెట్ మిరపకాయలు. అక్కణ్నుంచి టివోలీ గార్డెన్స్ కూతవేటు దూరం. ఆ పేరు చెప్పగానే టాక్సీ డ్రైవర్ తటపటాయించాడు. లోపల తెలిసినవాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నాకే బండి తిప్పాడు.

టివోలీలో వరసగా మేడలు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు. 1960లలో ఇక్కడ బ్యాక్-ఓ-వాల్ అనే మురికివాడ ఉండేది. ఆఫ్రికా మూలాల్ని పవిత్రంగా భావించే జమైకా మతస్తులు రాస్తఫారీలు అక్కడ ఎక్కువ. మంత్రిగా సియాగా దాన్ని బుల్‌డోజర్లతో కూల్పించి ఈ కాలనీ కట్టించారు. ఇళ్లు మాత్రం ఎక్కువగా తన జమైకా లేబర్ పార్టీ వాళ్లకే దక్కాయి. ఇల్లిచ్చి ఓటడగడం మనకీ తెలిసిందే. ఇక్కడ అది తుపాకుల దాకా పోయింది. కాలనీ ఆ పార్టీకి కంచుకోట అయితే, పక్క పేటలు అవతలి పార్టీవి. 1980 ఎన్నికల ఏడాది దేశంలో 800 మందికి పైగా హత్యకు గురయ్యారు. 2010లో డూడస్ కోక్ అనే డాన్ కోసం బలగాలు టివోలీలోకి చొరబడ్డప్పుడు దాదాపు 70 మంది పోయారు. చక్కటి ఇళ్లు కట్టించారని మెచ్చుకుందామన్నా, వాటికోసం రోడ్డున పడ్డవాళ్లు గుర్తొచ్చి నాకు మనసొప్పలేదు.

అయినా ఆయన్ని ఉత్త ఓట్ల లెక్కల మనిషి అనలేను. హార్వర్డ్‌లో చదివొచ్చి, పేదల మధ్య ఉంటూ, క్రైస్తవమూ ఆఫ్రికా ఆచారాలూ కలిసిన రివైవల్ ఆరాధనల్ని, వాటిలోని పూనకాల్ని శ్రద్ధగా అధ్యయనం చేశారు. ఆ పాటల్ని రికార్డు చేశారు. సొంతంగా మ్యూజిక్ కంపెనీ పెట్టారు. రెగేకి ముందుతరం జమైకా సంగీతమైన స్కాని 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌కి పంపించారు. నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమ నాయకుడు మార్కస్ గార్వే అవశేషాల్ని లండన్ నుంచి తెప్పించిందీ అదే ఏడాది.

గార్వే సమాధి నేషనల్ హీరోస్ పార్కులో ఉంది. యూనిఫాంలో సైనికులు కాపలా ఉంటారు. 2019లో చనిపోయిన సియాగాని అదే పార్కులో ఖననం చేశారు. ఆయన రాజకీయ ప్రత్యర్థి, మరో మాజీ ప్రధాని మైకేల్ మాన్లీ సమాధీ అక్కడే. 1978 ఏప్రిల్ 22న ‘వన్ లవ్’ కచేరీలో వీళ్లిద్దరినీ స్టేజీ మీదికి పిలిచి చేతులు కలిపించింది బాబ్ మార్లేనే.

మీరు వెళ్తే మాత్రం పార్కుతో సరిపెట్టుకోకండి. తెలిసిన మనిషిని తోడు తీసుకుని, పగటిపూట టివోలీ కూడా చూసి రండి.