చేతులు వెనక్కి తీసుకోవడం నేర్పే పని

వన్యప్రాణి పునరావాస కేంద్రంలో వాలంటీరుగా చేరాలనుకునేవారిలో చాలామంది మనసులో ఒకే దృశ్యం ఉంటుంది: ఒడిలో జింకపిల్ల, చేతిలో పాలసీసా. వారి ఉత్సాహాన్ని నీరుగార్చడం నా ఉద్దేశం కాదు గానీ, ఆ దృశ్యం కోసమే వచ్చినవారు అక్కడ ఎక్కువకాలం నిలవడం నేను చూడలేదు. కొత్తవారి చేతికి మొదట అందేవి చీపురు, బకెట్టు, ఉతకవలసిన గుడ్డల మూట. బోన్లు కడగడం, అడుగున పరిచిన కాగితాలు మార్చడం, మేత తరిగి తూచి పెట్టడం, ప్రతి ప్రాణి బరువునూ గ్రాముల్లో పట్టికకెక్కించడం వంటి పనులతోనే రోజులో అధికభాగం గడిచిపోతుంది. అసలు, చేరిన రోజే ప్రాణిని చేతికిచ్చి ఫోటో తీసుకోనిచ్చే కేంద్రాన్నే నేను అనుమానిస్తాను.

ఈ పనులను చిన్నచూపు చూడకూడదు. బలహీనపడిన ప్రాణులు ఒకే కప్పు కింద ఉన్నచోట మురికి గిన్నె నుంచి సాల్మొనెల్లా బ్యాక్టీరియా, బూజుపట్టిన గడ్డి నుంచి పక్షుల ఊపిరితిత్తులకు సోకే శిలీంధ్రం ఎంత వేగంగా వ్యాపిస్తాయో ఒకసారి తెలిసినవారు చీపురును తేలికగా తీసుకోరు. బరువుల పట్టిక కూడా అంతే ముఖ్యం. అడవిలో నలతగా కనిపించిన ప్రాణి వేటాడే జంతువు కంట పడుతుంది కాబట్టి అవి జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. పైకి హుషారుగా కనిపిస్తున్న పక్షి లోపల క్షీణిస్తోందని ముందుగా చెప్పేది తరచుగా ఆ తూకమే. పరుపుగా వేసే తువాలుకు దారపు ఉచ్చులు ఉంటే వాటిలో గోళ్లు చిక్కుకుంటాయి, కనుక నున్నటి గుడ్డే వాడాలన్న చిన్న సంగతి కూడా ఉతికే చోటే తెలుస్తుంది.

కొత్తవారికి అన్నిటికన్నా కష్టమైనది ప్రాణికి దూరంగా ఉండడం. పెంపుడు జంతువులతో మెలగిన అలవాటు వల్ల, వణుకుతున్న ప్రాణిని చూడగానే నిమరాలని, మెల్లగా మాట్లాడి ధైర్యం చెప్పాలని అనిపిస్తుంది. అడవి ప్రాణికి మాత్రం మనిషి ముందుగా తనను వేటాడే జంతువు. మన కళ్లు దాని మీద నిలిస్తే, మన గొంతు దగ్గరగా వినిపిస్తే, అది తనకు చివరి ఘడియ వచ్చిందనే అనుకుంటుంది. నిమిరినప్పుడు కదలక పడి ఉండడం నెమ్మదించడం కాదు, భయంతో బిగుసుకుపోవడం. జింకలు, పొడవు కాళ్ల పక్షులు వంటివాటిలో, పట్టుకునే సమయంలో పడిన పెనుగులాట, భయం కలిసి కండరాలను దెబ్బతీస్తాయి. గాయం లేకపోయినా ఆ ప్రాణి కొన్ని గంటలకో, కొన్ని రోజులకో చనిపోవచ్చు. వైద్యులు దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. అందుకే దొరికిన ప్రాణిని గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచడమే మొదటి చికిత్స. పక్షిని పట్టుకోక తప్పనప్పుడు కూడా రొమ్ము బిగించి పట్టుకోకూడదు. పక్షులకు మనకున్నటువంటి డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండి శ్వాసను నడిపే కండరం) లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి గాలి అందుతుంది.

రెండో తొందర తిండి పెట్టాలనే తొందర. ఇక్కడ వరుస తప్పకూడదు: ముందు వెచ్చదనం, తర్వాత ద్రవాలు, ఆ తర్వాతే ఆహారం. చల్లబడిన శరీరం తిండిని అరిగించుకోలేదు. పక్షి నాలుక మొదట్లోనే శ్వాసనాళం ద్వారం ఉంటుంది కాబట్టి, దయతో నోట్లో వేసిన నీటిచుక్క నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పక్షులకు పాలు సరిపడవు. క్షీరదాల పిల్లలకైనా ఆవుపాలు కాక, జాతిని బట్టి కలిపే పాలపొడే ఇవ్వాలి. పెట్టవలసిన సమయం వచ్చాక మాత్రం విరామం ఉండదు, కళ్లు తెరవని చిన్న పాటపక్షుల కూనలకు పగలంతా పావుగంటకో, అరగంటకో ఒకసారి మేత అందించాలి.

నన్నడిగితే, కొత్త వాలంటీరుకు ఈ పని పూర్తిగా అర్థమయ్యే చోటు ఫోను దగ్గరి కుర్చీ. పిల్లలు పెట్టే కాలంలో ఆ ఫోనుకు విశ్రాంతి ఉండదు, వచ్చే కాల్స్‌లో చాలావాటికి సరైన జవాబు 'దాన్ని అక్కడే ఉండనివ్వండి' అన్నదే. ఒంటినిండా ఈకలు, పొట్టి తోక ఉండి, నేలమీద గెంతుతున్న పక్షిపిల్ల గూటి నుంచి జారిపడింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు దగ్గర కొమ్మల్లోనే ఉండి దానికి మేత తెస్తుంటాయి. ఈకలు రాని కూన నిజంగా పడిపోతే, గాయం లేనప్పుడు, వెచ్చగా ఉన్నప్పుడు, తిరిగి గూట్లో పెట్టవచ్చు. మనిషి తాకిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదన్నది అపోహ మాత్రమే. గడ్డిలో ఒంటరిగా ముడుచుకున్న జింకపిల్లను తల్లి వదిలేసి పోలేదు, తన ఉనికి వల్ల పిల్ల బయటపడకూడదని దూరంగా మేస్తోంది. ఈ మాటలు చెప్పి, ఫోను చేసినవారిని ఒప్పించి, ఒక పిల్లను అపహరణ నుంచి తప్పించడం కూడా రక్షణే. పిల్లి నోట కరచిన పక్షి సంగతి మాత్రం వేరు: పైకి గాయం కనిపించకపోయినా పిల్లి నోటిలోని బ్యాక్టీరియా ప్రాణం తీయగలదు, దానికి ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ అందాలి.

అతిగా చేరదీయడం వల్ల కలిగే మరో నష్టం ఇంప్రింటింగ్. పుట్టగానే చూసిన మనిషినే తల్లిగా భావించి వెంటపడే బాతుపిల్లల గురించి చెప్పిన జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమతి అందుకున్నారు. వినడానికి ముచ్చటగానే ఉన్నా, అలా పెరిగిన పక్షి తన జాతిని గుర్తించదు, జతకట్టదు, మనిషిని చూసి పారిపోదు. అంటే విడుదలకు పనికిరాదు. 1987 నాటికి ప్రపంచం మొత్తం మీద 27 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండర్లనే పెద్ద రాబందుల సంతతిని కాపాడే క్రమంలో, పెంపకందారులు కాండర్ తల ఆకారంలో ఉన్న తోలుబొమ్మను చేతికి తొడుక్కుని కూనలకు మేత పెట్టింది ఇందుకే.

మన భద్రత గురించి కూడా నిక్కచ్చిగా ఉండాలి. క్షీరదాలను, ముఖ్యంగా గబ్బిలాలను ముట్టుకునేవారు ముందుగానే ర్యాబిస్ టీకా వేయించుకోవాలి. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. కరిచినా, రక్కినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వైద్యుని దగ్గరికి వెళ్లాలి, 'చిన్న గీతే కదా' అని ఊరుకోకూడదు. గద్దల విషయంలో ముక్కు కన్నా గోళ్లకు భయపడాలి, కొంగలు నేరుగా కంటికి గురిపెడతాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి.

ముందే చెప్పుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. వచ్చినవాటిలో చాలా ప్రాణులు బతకవు. మళ్లీ అడవిలో బతకలేనంతగా దెబ్బతిన్నవాటికి పశువైద్యులు నొప్పి లేకుండా ప్రాణం విడిపించాలని నిర్ణయిస్తారు. ఎగరలేని డేగను జీవితమంతా బోనులో ఉంచడం కరుణ అని నేను అనుకోను, అయినా ఆ నిర్ణయం రోజున పని ముగించుకుని ఇంటికి వెళ్లడం తేలిక కాదు.

చేరదలచినవారు పిల్లల కాలం మొదలుకాకముందే కేంద్రాన్ని సంప్రదించాలి, రద్దీ వేళ నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. శిక్షణ ఎవరు ఇస్తారు, పశువైద్యులు ఎప్పుడు అందుబాటులో ఉంటారు, వన్యప్రాణులను ఉంచుకునే అనుమతి ఎవరి పేరు మీద ఉంది, విడుదల చేసేముందు ఏమేం పరీక్షిస్తారు అని అడగండి. సూటిగా జవాబు చెప్పే చోటే చేరండి. మీవైపు నుంచి ఉత్సాహం కన్నా వేళల గురించి నిజం చెప్పండి. వారానికి ఒక్క పూటే వీలైతే ఒక్క పూటే అని చెప్పి, ఆ పూట తప్పకుండా వచ్చేవారి మీదే అక్కడి మేతల పట్టిక ఆధారపడి ఉంటుంది.