నాన్నగారి పద్యాలున్న డిస్క్‌తో లైనక్స్‌కి మారాను

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. నా ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 11 ఎక్కదు. నిక్షేపంలా పనిచేస్తున్న మెషీన్‌ని పారేయడానికి మనసొప్పలేదు. విండోస్‌కి బదులు వాడుకోగలిగే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ వేసుకుందామనుకున్నాను. భయమల్లా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గురించే. నాన్నగారు చివరి ఏడాది పాడి రికార్డు చేయించుకున్న పోతన పద్యాలు అందులో ఉన్నాయి. వేరే కాపీ లేదు.

ఇన్‌స్టాల్ చేసేముందే డిస్క్ తీసి బీరువాలో పెట్టేశాను. ఏ డిస్క్‌లో వెయ్యాలని అడిగేచోట పొరపాటున దాన్ని నొక్కితే ఇంకేమైనా ఉందా! అదే ల్యాప్‌టాప్‌లో విండోస్‌ని కూడా పక్కనే ఉంచాను, అదే తర్వాత ఆదుకుంది.

మింట్‌లో డిస్క్ పెట్టగానే ఫోల్డర్లన్నీ తెలుగు పేర్లతో సహా కనిపించాయి. కానీ కొత్త ఫైలు పెట్టబోతే ఒప్పుకోలేదు, రీడ్ ఓన్లీ అంది, అంటే చదవడమే తప్ప రాయనివ్వదు. గుండె జారింది. కారణం ఫాస్ట్ స్టార్టప్, అంటే విండోస్ త్వరగా తెరుచుకోవడానికి పెట్టిన సదుపాయం. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు డిస్క్ తగిలించే ఉంటే దాని లెక్కలు కొన్ని విండోస్ దగ్గరే ఉండిపోతాయి. అందుకే లైనక్స్ అందులో రాయడానికి జంకుతుంది. మంచిదే కదా!

ఇలాంటి డిస్క్‌ని లైనక్స్ నుంచే సరిచేయడానికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ ఉందని తెలుసు. అది పైపై మరమ్మతే, ఉన్న ఒక్క కాపీ మీద ప్రయోగం చేయబుద్ధి కాలేదు. విండోస్‌లోకి వెళ్లి, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేశాను. డిస్క్‌లో తప్పులుంటే సరిచేసే చెక్‌డిస్క్ నడిపి, డిస్క్‌ని ఎజెక్ట్ చేసి, అప్పుడు షట్ డౌన్ చేశాను. ఈసారి మింట్ మారు మాట్లాడకుండా రాయనిచ్చింది.

వెంటనే కొత్త డిస్క్ కొని, లైనక్స్ వాడే ఎక్స్ట్4 పద్ధతిలో ఫార్మాట్ చేసి అంతా కాపీ పెట్టాను. కాపీ అయిపోయిందని చూపించింది, కానీ డిస్క్ మీది నీలం లైటు ఇంకా టకటకా కొట్టుకుంటోంది. లైనక్స్ ముందు ర్యామ్‌లో దాచుకుని తర్వాత తీరిగ్గా డిస్క్‌లోకి రాస్తుంది. కేబుల్ మీద చెయ్యి వేసినవాణ్ణి ఆగి, ఎజెక్ట్ నొక్కాను. ఇక తీయొచ్చని చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మళ్లీ పెట్టి రెండు డిస్కుల్లోని ఫైళ్ల చెక్‌సమ్‌లు, అంటే ఫైలులో ఏ కాస్త తేడా ఉన్నా మారిపోయే గుర్తు సంఖ్యలు, పోల్చి చూశాను. ఒక్క తేడా లేదు.

పాతదాన్ని మాత్రం విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోనే ఉంచాను. అక్కావాళ్లింట్లో విండోసే, ఎక్స్ట్4 డిస్క్ అక్కడ నేరుగా తెరుచుకోదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు అక్కకి ఇచ్చి వస్తాను.