ఆర్డినేషన్‌కు ముందు నా గురించి ఊళ్లో వాకబు చేశారు

మా సంఘాల్లో బైబిల్ కాలేజీ డిప్లొమా చేతికొచ్చినంత మాత్రాన పాస్టర్ అయిపోరు. పెద్ద పాస్టర్ గారి కింద కొన్నేళ్లు సేవ చేయాలి. తర్వాత సంఘం సిఫారసు లేఖ, విశ్వాసంలోకి ఎలా వచ్చామో చెప్పే రాతపూర్వక సాక్ష్యం, విచారణ, ఇంటర్వ్యూ. ఇవి దాటితేనే హస్తనిక్షేపణ, అంటే పెద్దలు తలమీద చేతులుంచి పాస్టర్‌గా నియమించే ఆర్డినేషన్. నేను మర్రిగూడ వైపు ఒక పల్లె సంఘంలో ఉన్నాను. దరఖాస్తు పెట్టిన దగ్గర్నుంచి నా టెన్షనంతా సిద్ధాంతం మీదే. త్రిత్వం, బాప్తిస్మం, ప్రభు భోజనం గురించి నోట్సు తిరగేస్తూ కూర్చున్నా.

విచారణ కమిటీ వాళ్ల దృష్టి వేరే చోట ఉంది. బైబిల్లో మొదటి తిమోతి పత్రిక మూడో అధ్యాయంలో అపొస్తలుడు పౌలు చెప్పిన అర్హతలు చూస్తే, బోధించే నేర్పు ఒక్కటి తీసేస్తే మిగతాదంతా దాదాపు నడవడే. తాగుడు, కొట్లాట, ధనాపేక్ష, ఇంటిని నడిపే తీరు. బయటివాళ్ల దగ్గర కూడా మంచి సాక్ష్యం, అంటే మంచి పేరు, ఉండాలని ఏడో వచనం. పెద్దలు దాన్నే పట్టుకుని, నాకు మాట మాత్రం చెప్పకుండా ఊళ్లోకి వచ్చి వెళ్లారు.

సాయంత్రం కిరాణా సేటు పిలిచి చెప్పాడు: "మీ పెద్దమనుషులు వచ్చిండ్రు. నీకు ఖాతా ఉన్నదా అని అడిగిండ్రు. ఉన్నది, ఆలస్యమైతే ముందే వచ్చి చెప్తడు అన్న." బడి సారును, ఆటో అడ్డా మీద కుర్రాళ్లను కూడా అడిగారట. మా చర్చి గడప ఎన్నడూ తొక్కని మనుషులు వీళ్లు. పిల్లనిచ్చే ముందు అబ్బాయి గురించి ఆరా తీసినట్టు అనిపించి కాస్త నామోషీ పడ్డాను. కానీ ఇది న్యాయమైన పద్ధతే. మన ప్రసంగం విననివాళ్లకు మన నడకే కనిపిస్తుంది.

నా భార్యతో ఒక పెద్ద పాస్టరమ్మ గారు విడిగా మాట్లాడారు. నన్ను గదిలో ఉండనివ్వలేదు. ఏమేం అడిగారో ఆమె ఇప్పటికీ పూర్తిగా చెప్పదు. కోపమొస్తే చెయ్యెత్తుతాడా, ఇంట్లో డబ్బు సంగతి నీకు తెలుస్తుందా అన్నవి మాత్రం చెప్పింది. భర్త పక్కన కూర్చుంటే ఏ ఆడమనిషి ఆ ప్రశ్నలకు ఉన్నదున్నట్టు చెబుతుంది?

కానుకల పుస్తకం కూడా చూశారు. లెక్కబెట్టాక ఇద్దరి సంతకాలు ఉన్నాయా, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ సంఘం అకౌంట్‌దా, నా సొంతానిదా అని అడిగారు. చందా పైకం విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా పౌలు తనతోపాటు వేరేవాళ్లను కూడా పెట్టుకున్నాడని రెండో కొరింథీ పత్రికలో ఉంది కదా. ఈ రోజుల్లో అది ఫోన్ నంబరు దాకా వచ్చింది.

ఇంటర్వ్యూ నల్గొండలో జరిగింది. మిషన్ చరిత్ర అడిగితే, రష్యా నుంచి వచ్చి 1890లలో ఇక్కడ పనిచేసిన మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీసన్ గురించి చెప్పాను. సిద్ధాంతం ప్రశ్నలు తొందరగానే అయిపోయాయి. అప్పుడు ఒక పెద్దాయన అడిగారు: "మీ దిక్కు ఫ్లోరైడ్‌తో నడుం వంగిన ముసలమ్మలు ఉంటరు. ప్రార్థన చేస్తే నిటారుగ నిలబడ్తనా అయ్యగారూ అని అడిగితే ఏం చెప్తవు?"

ప్రార్థన చేస్తాను, నిలబడతావని మాట మాత్రం ఇవ్వనన్నాను.

"అంటే దేవునికి శక్తి లేదా?"

"శక్తి ఉందండీ. ఆయన తరఫున మాట ఇచ్చే హక్కు నాకు లేదు."

మందులు మానమంటావా అని ఇంకొకరు అడిగారు. మాననివ్వనని, ఆస్పత్రికి తోడు కూడా వెళ్తానని చెప్పాను. విశ్వాసం గురించి నన్ను అడిగినవాటిలో బరువైనవి ఈ రెండే.

తర్వాత ఒక ఆదివారం పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థించారు. దాంతో అన్ని అధికారాలూ వచ్చేశాయని ఊళ్లో అనుకున్నారు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బిషప్ చేతుల మీదుగా అభిషేకం లేని మాలాంటి పాస్టర్లు పెళ్లి చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు వేరే ఉండాలి. అధికారం లేకుండా చేస్తే శిక్ష కూడా ఉంది. నా దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఈలోగా ఒక కుటుంబం ముహూర్తం దగ్గరపడిందని, రిజిస్టర్‌లో తర్వాత రాసుకోవచ్చని ఒత్తిడి తెచ్చింది. కుదరదన్నాను. లైసెన్సు ఉన్న పెద్ద పాస్టర్ గారిని పిలిపించి పెళ్లి జరిపించాం. అమ్మాయి మేనమామ మాత్రం ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.