నైట్ డ్యూటీ దిగాక జర్మన్: నా అనుభవం

జర్మన్ నేర్చుకోవడంలో అన్నిటికంటే తేలికైన రోజు ఫీజు కట్టిన రోజే. విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ మెట్లెక్కి, డబ్బు కట్టి, రసీదు పట్టుకుని కిందికి దిగేసరికి సగం జర్మనీ వెళ్లిపోయినట్టే ఉంటుంది. ఆరు నెలల్లో బీ2 చేయిస్తామని అక్కడ గోడ మీద పెద్దక్షరాలతో రాసుంది. పొద్దస్తమానం పుస్తకాల ముందు కూర్చోగలిగినవాళ్లకి అది కుదురుతుందేమో గానీ, నెలలో సగం రాత్రులు వార్డులో గడిపే నర్సుకి కుదరదు.

నేను మహారాణిపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే ఎక్కువ రాష్ట్రాల్లో బీ2 అడుగుతారు. యూరప్ దేశాల కౌన్సిల్ 2001లో ప్రకటించిన కొలత ప్రకారం భాషకి ఆరు మెట్లు: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. నేను నాలుగో మెట్టు దాకా ఎక్కితే చాలు. అయితే ఈ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండవు. ఆ సంగతి ఫీజు కట్టించుకునేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఏ1 అంతా సరదాగా గడిచింది. ప్రతి క్లాసులోనూ నిన్న రానిది ఇవాళ వచ్చేది. మనవాళ్లకి కలిసొచ్చేవి కూడా కొన్ని ఉన్నాయి. ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందంటే ఇంగ్లీషుకి అలవాటు పడ్డవాళ్లు తల పట్టుకుంటారు. మనం పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్నది అలాగే కదా. మాటకి మాట అతికించి ఇంత పొడుగు పదాలు తయారు చేస్తారంటారా, బళ్లో సమాసాలు విడదీసిన వాళ్లం, వాటికి భయపడతామా!

బీ1 దాటాకే చిక్కొచ్చింది. మొదట్లో రెండొందల మాటలు నేర్చుకుంటే కూరగాయలు కొనొచ్చు, దారి అడగొచ్చు, ఇంట్లోవాళ్ల గురించి చెప్పొచ్చు. బీ2లో ఇంకో రెండొందలు నేర్చుకుని పేపర్లో ఒక వార్త తెరిస్తే, అవి ఎక్కడున్నాయో కూడా కనపడవు. పడే కష్టం అంతే, కనిపించే ఫలితం మాత్రం పదో వంతు. నాతో చేరినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోయారు. వాళ్లు బద్ధకస్తులు కారు. ముందుకి పోతున్నామో, ఉన్నచోటే ఉన్నామో తెలియకపోతే ఎవరికైనా కాళ్లు ఆడవు.

ఆ రోజుల్లో ఉత్సాహం కోసం అందరూ ఒకే మాట చెప్పేవారు: ‘జర్మనీలో నీ జీవితం ఎలా ఉంటుందో ఊహించుకో’ అని. ఊహించుకున్నాను. ఫోన్ తెరవగానే మ్యూనిక్ బొమ్మ కనపడేలా పెట్టుకున్నాను కూడా. డ్యూటీ దిగి వచ్చాక ఆ బొమ్మ చూస్తే ఇంకా ఎంత దూరముందో గుర్తొచ్చి నీరసం వచ్చేది. దానికి తోడు పెళ్లిళ్లలో చుట్టాలు, ‘ఎప్పుడమ్మా ప్రయాణం?’ అనడం. అంత దూరంలో ఉన్న లక్ష్యం మనిషిని క్లాసులో చేర్పించగలదు గానీ, రాత్రంతా నిలబడొచ్చిన మనిషిని పొద్దున్న ఎనిమిదింటికి పుస్తకం ముందు కూర్చోబెట్టలేదు. మ్యూనిక్ తీసేసి మా మేనకోడలి ఫొటో పెట్టుకున్నాను. వరసగా ఎన్ని రోజులు చదివామో లెక్కపెట్టే భాషా యాప్ కూడా తీసేశాను. వరస తెగకూడదని అర్ధరాత్రి ముందు తెలిసిన పాఠమే మళ్లీ నొక్కి పడుకోవడం అలవాటైపోయింది. వరస పెరిగేది గానీ భాష పెరిగేది కాదు.

నన్ను నిజంగా కూర్చోబెట్టింది మా అమ్మ. ఆవిడ చదివింది అయిదో తరగతి. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ఒక లింగం, దానికి తగ్గట్టు ముందు డెర్, డీ, డాస్ అనే మూడింటిలో ఒకటి. చాలావాటికి బట్టీ తప్ప దారి లేదు. చిన్న అట్టముక్కల మీద ఒకవైపు తెలుగు మాట రాశాను, రెండోవైపు రంగు చుక్క పెట్టాను: డెర్‌కి నీలం, డీకి ఎరుపు, డాస్‌కి పచ్చ. అమ్మ ‘తలుపు’ అని చదువుతుంది. నేను జర్మన్ మాట చెప్పి, రంగు చెప్పాలి. ఆవిడ వెనక్కి తిప్పి చూస్తుంది. జర్మన్ రాకపోయినా నా తప్పు పట్టుకోవడానికి ఆ చుక్క చాలు. సూర్యుడు ఎరుపు, చంద్రుడు నీలం అని ఒప్పుకుంది గానీ, అమ్మాయి దగ్గర ఆగిపోయింది. ‘అమ్మాయి పచ్చేటే? మనిషి కాదేటి?’ అని. నాకు మాత్రం ఏం తెలుసు, వ్యాకరణం అలా ఉంది మరి.

తప్పు చెప్పిన అట్టలు చెప్పుల డబ్బాలో ముందు అరలోకి, సరిగ్గా చెప్పినవి వెనక అరలోకి. ముందు అర రోజూ, వెనక అర వారానికోసారి. ఇందులో నా తెలివేమీ లేదు. ఎబ్బింగ్‌హౌస్ అని ఒక జర్మన్ ఆయన, అర్థం లేని అక్షరాల గుంపులు తానే బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో అచ్చువేశాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత్తర్వాత నెమ్మదిస్తుంది. ఇది చదివాక నాకు చాలా హాయిగా అనిపించింది. నిన్న చదివింది ఇవాళ గుర్తు లేకపోవడం నా బుర్ర లోపం కాదన్నమాట.

కొన్నాళ్లకి ఆ డబ్బా అమ్మదైపోయింది. నేను స్నానం చేసి ఉప్మా తినేలోపే అట్టలు పట్టుకుని కూర్చునేది. నేను నిద్రొస్తోందని అంటే, ‘పది రంగులు చెప్పేసి తొంగో’ అనేది. పది అన్నది ఏ రోజూ పదితో ఆగలేదు.

వార్డులోనూ కొంత సాగింది. జర్మన్‌లో అంకెలు చెప్పేటప్పుడు ఒకట్లు ముందు, పదులు తర్వాత. 72ని రెండూ డెబ్బై అంటారు. రాత్రి రౌండ్లో పల్స్ చూసి మనసులో వాళ్ల పద్ధతిలో అనుకునేదాన్ని, చార్టులో రాసేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని. 27, 72 తారుమారైతే పరీక్షలో పోయేది మార్కే, ఇక్కడ అలా కాదు కదా. శ్రీకాకుళం నుంచి వచ్చిన జూనియర్ ఒకమ్మాయి కూడా అదే పరీక్షకి చదువుతుండేది. డ్యూటీ దిగాక ఇద్దరం ఒకరికొకరు నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టుకునేవాళ్లం, తర్వాతి షిఫ్టువాళ్లకి హ్యాండోవర్ ఇస్తున్నట్టు, పూర్తిగా జర్మన్‌లో. రోగి పేరు, బెడ్ నంబరు చెప్పకూడదు, ఎదుటివాళ్ల తప్పులు దిద్దకూడదు. దిద్దితే మర్నాడు మెసేజ్ రాదు, అందుకని.

పరీక్షకి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాం. గోథే అనే జర్మన్ భాషా సంస్థ పెట్టే బీ2 పరీక్షలో నాలుగు భాగాలు: చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం. ఒక్కోదానికి వంద మార్కులు, అరవై వస్తే పాస్. దేనికది విడిగా రాసుకోవచ్చు. నాకు మూడు వచ్చాయి, వినడం పోయింది. వినే ప్రశ్నల్లో కొన్ని ఒక్కసారే వినిపిస్తారు. మొదటి వాక్యం అర్థం చేసుకుంటుండగానే మూడోది వెళ్లిపోయేది. ఆ తర్వాత కొన్నాళ్లు పుస్తకం ముట్టలేదు. ఆ అమ్మాయికి నాలుగూ వచ్చేశాయి. అయినా మెసేజ్‌లు ఆపలేదు: ‘ఒక్కటే కదా అక్కా మిగిలింది!’

వినడానికి డాయిష్ వెలె అనే జర్మన్ ప్రసార సంస్థ వాళ్లు నెమ్మదిగా చదివే వార్తలు దొరికాయి, రాతప్రతితో సహా, ఉచితంగా. మా ఇల్లు సాగర్‌నగర్ కాబట్టి 900కే బస్సులో చెవులకి పెట్టుకుని వినేదాన్ని. ఇంటికొచ్చి రాతప్రతి చూసి, మర్నాడు కాగితం లేకుండా మళ్లీ అదే. ఒక సెలవు రోజు దిగాల్సిన చోట దిగకుండా భీమిలి దాకా పోయాను. అక్కడ డచ్చివాళ్ల సమాధులున్నాయి, 17వ శతాబ్దంలో వచ్చి వ్యాపారం చేసినవాళ్లవి. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌కి చూసినవే. డచ్చి భాష జర్మన్‌కి దగ్గరి చుట్టం. రాతి మీద అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి గానీ, అక్కడక్కడా ఒక మాట అర్థమవుతోంది. ఎండలో రాళ్ల చుట్టూ తిరుగుతున్న నన్ను అక్కడివాళ్లు వింతగా చూశారు. పరీక్షకి పనికొచ్చేది ఒక్క ముక్క నేర్చుకోలేదు ఆ పూట. అయినా ఆ వారమంతా నన్ను ఎవరూ కూర్చోమనాల్సిన అవసరం రాలేదు.

వినడం రెండోసారి రాసి గట్టెక్కాను. ఇప్పుడు గుర్తింపు కాగితాలు నడుస్తున్నాయి. అవి వచ్చేదాకా భాష జారిపోకుండా చూసుకోవాలి. ఆ అమ్మాయి బవేరియాలో చేరింది. మొన్న మెసేజ్ పెట్టింది: ‘అక్కా, ఇక్కడి ముసలమ్మలు మాట్లాడేది మనం చదివిన జర్మన్ కాదక్కా, వాళ్ల యాస వేరు!’ వాళ్లలాగే మాట్లాడి పంపమన్నాను. పంపింది. సగం అర్థం కాలేదు. ఆ సగం రేపు డ్యూటీ దిగాక చూడాలి, అమ్మ రంగులు అయ్యాక.