వైజాగ్ తేమలో సిగార్ మంచిచెడ్డలు

ఖరీదు పెట్టి కొన్న సిగార్ బాగోలేదని వైజాగ్‌లో ఎవరైనా అంటే, దాన్ని ఎక్కడ ఉంచారని ముందు అడగండి. చాలాసార్లు తప్పు చుట్టినవాడిది కాదు, సముద్రపు గాలిదో పడగ్గది ఏసీదో అయి ఉంటుంది. సిగార్‌కి 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి సరిపోతాయి. మన ఊళ్లో వానాకాలం బయట తేమ 80 దాటడం మామూలే. రాత్రంతా ఏసీ నడిచే గదిలో ఉంచితే ఆకు ఎండిపోతుంది. నానిన సిగార్‌ని నొక్కితే స్పాంజిలా దిగిపోతుంది. దమ్ము లాగితే రాదు, వెలిగించాక లోపలి ఆకు ఉబ్బి పై ఆకు చీలుతుంది. ఎండినదేమో వేళ్ల మధ్య చిటపటమని, వేడిగా మండి, చేదెక్కుతుంది. రెండింటికీ బ్రాండ్‌నే తిడతారు.

అందంగా ఉన్నా, సిగార్లు దాచే చెక్క పెట్టె, అంటే హ్యూమిడార్, ఈ ఊరికి రెండో ఎంపికే. మూత సందుల్లోంచి బయటి తేమ లోపలికి వస్తూనే ఉంటుంది. రబ్బరు అంచున్న, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమను 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ పెడితే పని తీరుతుంది. 60 గ్రాముల ప్యాకెట్ ఒక్కటి పాతిక సిగార్లకు చాలు. తేమ కొలిచే హైగ్రోమీటర్ చూపే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటిచుక్కలు వేసి, మీటర్‌తో కలిపి జిప్ కవర్‌లో ఒక రోజు ఉంచండి. 75 చూపించాలి. 71 చూపిస్తే, ఎప్పుడు చూసినా నాలుగు కలుపుకోండి. నానినదాన్నైనా ఎండినదాన్నైనా ఆ డబ్బాలోనే రెండు మూడు వారాలు ఉంచాలి. తొందరపడి తడిగుడ్డ చుడితే పై ఆకు పగులుతుంది.

ఇంకో బెడద పురుగు. పొగాకు పురుగు గుడ్లు ఆకులోనే ఉండొచ్చు. వేడి 24, 25 డిగ్రీలు దాటితే పొదుగుతాయి, మన వేసవిలో ఏసీ లేని గది అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు కనిపిస్తే ఆ డబ్బాలోవన్నీ జిప్ కవర్లలో కట్టి, ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీయాలి. అయితే నిల్వకు ఫ్రిజ్ పనికిరాదు, తేమ లాగేస్తుంది.

తేమ కుదిరాకే సిగార్‌ని పరీక్షించాలి. పై ఆకు మీద ఈనెలు సన్నగా ఉండాలి, చేతికి కాస్త నూనె మెరుపు తగలాలి. మొదటి నుంచి చివరి దాకా వేళ్లతో మెల్లగా నొక్కుతూ వెళ్లండి. ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా తగిలితే లోపలి ఆకు సరిగా పేర్చలేదని అర్థం. వెలిగించే కొసన చూస్తే మడతలు పెట్టిన పొడుగాకులు కనిపించాలి, తునకలు కాదు. రంగు చూసి ఘాటు అంచనా వేయకండి. ముదురు మదూరో ఆకు ఎక్కువసేపు మాగింది కాబట్టి తియ్యదనం వైపు మొగ్గుతుంది. ఘాటు మధ్యలో పెట్టే లిహేరో ఆకులది. అది మొక్క పైభాగాన ఎండ బాగా తిన్న ఆకు, నెమ్మదిగా మండుతుంది. గోదావరి లంక పొగాకు చుట్ట అలవాటున్నవాళ్లకు ఆ ఘాటు కొత్తేమీ కాదు.

నోట్లో పెట్టుకునే తల వైపు గుండ్రంగా తిరిగే భుజానికి పైనే, రెండు మిల్లీమీటర్లకు మించకుండా కోయాలి. కిందికి కోస్తే పై ఆకు విప్పుకుంటుంది. వెలిగించకముందే ఒక దమ్ము లాగి చూడండి. సన్నటి స్ట్రాతో నీళ్లు తాగినంత అడ్డు ఉంటే సరి. అసలు అడ్డే లేకపోతే వేడెక్కి చేదవుతుంది.

పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి వద్దు, ఆ వాసనే మొదటి భాగమంతా నిలుస్తుంది. బ్యూటేన్ గ్యాస్ లైటర్ మంట కొసకు తగలకుండా, సెంటీమీటరు దూరాన తిప్పుతూ కాచాలి. బీచ్‌లో వెలిగిస్తే గాలి ఒకవైపే మండిస్తుంది, ఆ వంకర చూసి తీర్పు చెప్పడం అన్యాయం. వంకరగా మండితే ఒకసారి లైటర్‌తో సరిచేయండి. అక్కడితో ఆగితే వెలిగించడంలో లోపం, మళ్లీ అదే పక్కన తిరగబెడితే చుట్టడంలో లోపం. పొడుగాకు సిగార్ నుసి దాదాపు అంగుళం నిలుస్తుంది. తెల్లటి నుసి గొప్పదనే మాట మాత్రం పట్టించుకోనక్కర్లేదు, ఆ తెలుపు నేలలోని మెగ్నీషియం లాంటి ఖనిజాల వల్ల వస్తుంది.

రుచికి మొదటి నాలుగైదు దమ్ములు లెక్కలోకి రావు. తర్వాత నిమిషానికి ఒకటి. పొగ మింగకూడదు, రెండు క్షణాలు నోట్లో తిప్పి వదలాలి, అందులో కొంచెం ముక్కుగుండా పంపితే అసలు వాసన తెలుస్తుంది. ఆవకాయ అన్నం తిన్న వెంటనే మొదలుపెడితే ఏదీ తెలియదు, గంట ఆగండి. పక్కన మంచినీళ్లు చాలు, లేదంటే పాలు పోయని అరకు కాఫీ. రుచుల పేర్లు పరాయి సమీక్షల్లోంచి అరువు తెచ్చుకోకండి. మిరియం, వేయించిన వేరుశనగ, బెల్లం పాకం, చందనం చెక్క, తడిమట్టి: మీ నాలుకకు తెలిసినవే రాసుకోండి. అమ్మోనియా ఘాటు ముక్కుకు కొడితే ఆకు ఇంకా మాగలేదు, కొన్ని నెలలు డబ్బాలో ఉంచితే తగ్గవచ్చు. చేదొస్తే ముందు దమ్ముల మధ్య విరామం పెంచి చూడండి. మొదటి, మధ్య, చివరి భాగాల్లో రుచి మారుతుంటే మంచి సరుకు. గంట సేపు ఒకే రుచి ఉంటే అంత ధర దండగ.

పొగ మింగట్లేదు కదా అని ధైర్యపడక్కర్లేదు, నోటి క్యాన్సర్‌కు మింగడంతో పనిలేదు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఉత్తరాంధ్ర పల్లెల్లో అంగిలికి ఏమవుతుందో ఇక్కడి డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉన్నారు.

ఇక నకిలీలు. విదేశాల నుంచి వచ్చిన బంధువులు కానుకగా ఇచ్చే, అద్దం మూతున్న కొహీబా (క్యూబా బ్రాండ్) పెట్టె దాదాపు ఎప్పుడూ నకిలీయే. క్యూబా పెట్టె అడుగున చేత్తో చుట్టినట్టు ముద్ర, ఫ్యాక్టరీ కోడ్, పెట్టిన నెల, సంవత్సరం ఉంటాయి. అవి లేని పెట్టెకు డబ్బు పెట్టకండి. అవన్నీ ఉండి, ఒక్కటి కాల్చి నచ్చకపోయినా వెంటనే కొట్టిపారేయకండి. అదే పెట్టెలోంచి ఇంకొకటి రెండు వారాలు 65 శాతం డబ్బాలో ఉంచి కాల్చండి. అదీ అలాగే ఉంటే అప్పుడు బ్రాండ్‌ని తిట్టొచ్చు.