కామా దగ్గర ఆగకూడదు

నలభై మూడేళ్లకి వీణ మొదలుపెట్టాను. క్లాసులో నాతో పాటు ఇంకో ఐదుగురు ఉంటారు, అందరూ మూడో తరగతికీ ఆరో తరగతికీ మధ్య పిల్లలు. "ఆంటీ, మీరు ప్రాక్టీస్ చేశారా?" అని వాళ్లే నన్ను అడుగుతుంటారు. చేశానని అబద్ధం చెప్పినా టీచర్‌గారు కనిపెట్టరేమో కానీ ఈ పిల్లలు మాత్రం కనిపెట్టేస్తారు.

మొదటి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు బాగానే గడిచాయి. అక్కడ ఇబ్బందేం లేదు, దెబ్బకో స్వరం. ఆది తాళం అంటే ఎనిమిది దెబ్బలు, నాలుగు, రెండు, రెండు. స రి గ మ, ప ద, ని స, అంతే, మెట్లెక్కి దిగినట్టు. నోట్‌బుక్‌లో రాసుకున్న అక్షరాలు చదువుకుంటూ పోతే పాట అయిపోతుంది. దాంతో నాకు స్వరలిపి, అంటే స్వరాలని కాగితం మీద రాసే పద్ధతి, చదవడం వచ్చేసిందని అనుకున్నాను. తెలుగు చదవడం వచ్చినవాళ్లకి ఇందులో కొత్తగా నేర్చుకునేదేముంది అని కూడా అనుకున్నాను, అదే తప్పయింది.

ఆ తర్వాత అలంకారాలు, తాళానికొకటి చొప్పున వచ్చే పాఠాలు. వాటిలో నాలుగోది ఝంప తాళం, మిశ్రజాతి, అంటే మొదటి భాగానికి ఏడు లెక్కలు. ఏడు, ఒకటి, రెండు, మొత్తం పది అక్షరాలు (తాళంలో ఒక్కో లెక్కని అక్షరం అంటారు). నోట్‌బుక్‌లో ఇలా ఉంటుంది:

స రి గ స రి స రి | గ | మ , ||

ఆ "మ" పక్కన ఉన్న కామాని చూసి, సరే, వాక్యం మధ్యలో పెట్టే కామా లాంటిదే, ఊపిరి తీసుకోడానికి పెట్టారనుకుని, మ అనేసి వెంటనే రెండో వరుస "రి గ మ రి గ రి గ" ఎత్తుకున్నాను. పక్కన పిల్లలందరూ అప్పుడే చెయ్యి తిప్పుతున్నారు, నేనొక్కదాన్నే ముందుకెళ్లిపోయి దెబ్బ వేస్తున్నాను. మళ్లీ పాడాం, మళ్లీ అదే. మూడోసారికి టీచర్‌గారు ఆపి, "ఏమ్మా, ఆ కామా ఏం పాపం చేసిందని దాన్ని వదిలేసి వెళ్లిపోతున్నావు?" అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి.

అప్పుడు వేళ్ల మీద చూపించారు. ముందు ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, చూపుడు వేలు, బొటనవేలు, మళ్లీ చిటికెన వేలు, ఇవి ఏడు. ఇది లఘువు. తర్వాత ఒక్క దెబ్బ, అది అనుద్రుతం, దాని మీద "గ" పడుతుంది. చివర ద్రుతం, అంటే దెబ్బ వేసి చెయ్యి తిప్పడం. దెబ్బ మీద "మ", తిప్పిన అరచేతి మీద కామా. చెయ్యి తిరిగినప్పుడు గొంతు ఇంకా మ మీదే ఉండాలి, దాన్ని వదలకూడదు. బళ్లో చెప్పిన కామా కాసేపు ఆగమంటుంది, ఇక్కడి కామా పట్టుకున్నదాన్ని వదలొద్దంటుంది. నాకిది ఇంతకాలం ఎవరూ చెప్పలేదేమిటా అని ఆలోచిస్తే, అడగాలని నాకే తోచలేదు. కామా కదా, ఏం అడుగుతాం.

ఇలాంటి గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. కామా ఒక అక్షర కాలం, సెమికోలన్ రెండు. "స" అని పొట్టిగా రాస్తే ఒక అక్షరం, "సా" అని దీర్ఘం ఇస్తే రెండు. ఇదొక్కటి మాత్రం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, హ్రస్వం దీర్ఘం చిన్నప్పుడే ఒంటబట్టాయి. స్వరం మీద చుక్క పెడితే తార స్థాయి, అంటే పైది, కింద పెడితే మంద్ర స్థాయి, అంటే కిందది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ జెరాక్స్ తీసిన కాగితంలో ఆ చుక్క ఉందో, అది మెషీన్ గ్లాసు మీది మరకో తెలియదు. "రి", "ని" లాంటి వాటికి పైన గుడి ఉంటుంది కదా, దాని మీద మళ్లీ చుక్క పెడితే నా కళ్లద్దాలకి అస్సలు ఆనదు. వాట్సాప్‌లో టైపు చేసి పంపే స్వరాల్లో అయితే చుక్కలే ఉండవు. కింద పలకాల్సిన ని పైన పాడి ఒకసారి ఇంట్లోవాళ్లని భయపెట్టాను.

మా అక్క కొడుకు కీబోర్డు నేర్చుకుంటున్నాడు. వాడి పుస్తకం తెరిస్తే ఐదు గీతలు, వాటి మీద గుడ్లు. ఆ గుడ్డు ఏ గీత మీద కూర్చుందో దాన్నిబట్టి స్వరం, లోపల ఖాళీగా ఉందా నిండుగా ఉందా, తోక ఉందా లేదా అన్నదాన్నిబట్టి దాని నిడివి. అక్కడ కూడా చుక్క ఉంది. పక్కన పెడితే స్వరం నిడివి సగం పెరుగుతుంది, పైనో కిందో పెడితే ఆ స్వరాన్ని తుంచినట్టు పొట్టిగా వాయించాలి. మన చుక్కకి నిడివితో సంబంధమే లేదు, స్థాయి మారుస్తుంది. "పిన్నీ, మీ చుక్క వేరు, మా చుక్క వేరు" అన్నాడు వాడు. నిజమే.

సరే, గొంతుతో కామా పట్టుకోవడం వచ్చింది. వీణ మీదకి వచ్చేసరికి ఇంకో చిక్కు. వీణ తీగ ఒకసారి మీటాక నాదం తగ్గుతూ పోతుంది, వయొలిన్‌లాగా కమాను లాగుతూ సాగదీయడానికి లేదు. తాళం వెయ్యడానికి చెయ్యి కూడా ఖాళీ ఉండదు. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు మెట్ల మీద, కుడి చేతి అవే రెండు వేళ్లు మీటడానికి, కుడి చిటికెన వేలు పక్కనున్న మూడు తాళం తీగల మీద. ఇన్ని పనుల మధ్య కామా వచ్చిందంటే నాకు వెంటనే రెస్ట్ దొరికినట్టు అనిపించి ఎడమ వేలు మెట్టు మీంచి లేపేసేదాన్ని. లేపగానే మ పోయి బొత్తిగా వేరే శబ్దం, టుంయ్ మని. టీచర్‌గారు నా వేలిని తన వేలితో నొక్కి పట్టుకున్నారు. "ఇక్కడే ఉండు. అది దానంతటది తగ్గాలి, నువ్వు చంపకూడదు." వేలి చివర తీగ గీత ఎర్రగా పడింది, ఇప్పుడు అక్కడ కాయ కాసింది, ఫోన్ వేలిముద్ర కూడా ఒక్కోసారి తీసుకోదు.

అసలు సంగతి ఇంకోటుంది. కామా అంటే ఊరికే సాగదీయడం అని కొన్నాళ్లు హాయిగా ఉన్నాను. ఒకరోజు క్లాసయ్యాక టీచర్‌గారు తన వీణ మీద తోడి రాగం వాయిస్తుంటే, కాగితం మీద ఒట్టి "గా" అని ఉన్నచోట ఆవిడ వేలు గాంధారం (గ) మెట్టు మీద లేదు. దాని కింద రిషభం (రి) మెట్టు దగ్గర తీగని పక్కకి లాగుతున్నారు, వదులుతున్నారు, మళ్లీ లాగుతున్నారు, స్వరం మధ్యమం (మ) దాకా ఎక్కి దిగుతోంది. నిలకడగా గ ఎక్కడా వినపడదు, అయినా అది గాంధారమేనని చెవికి తెలిసిపోతోంది. తర్వాత నా వీణ మీద గాంధారం మెట్టు నొక్కి గ అని సాఫీగా వాయించి చూశాను. స్వరం కరెక్టే, కానీ తోడి లేదు. కాగితం ఆ ఊపు గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పాలని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే స్వరాల పుస్తకం అచ్చు వేయించారు, ఎట్టయపురంలో, అంటే తమిళనాడు దక్షిణాన, కానీ తెలుగు లిపిలో. దాని స్కాన్ పేజీలు చూసినప్పుడు నాకు మతిపోయింది. స్వరాన్ని ఎలా ఊపాలో, ఎలా జార్చాలో చెప్పే గుర్తులే అన్నీ: స్వరాల నెత్తిన పాములు పాకినట్టు వంకర గీతలు (కంపితం), ఏటవాలు గీతలు (జారు, ఎక్కేదానికి ఒకటి, దిగేదానికి ఒకటి), ఇంగ్లీషు డబ్ల్యూ లాంటిది (నొక్కు). అప్పటికే చిన్నస్వామి ముదలియార్ అనే ఆయన మన కృతులని ఆ ఐదు గీతల పద్ధతిలో అచ్చు వేసి ఉన్నారు, దీక్షితుల వెంటపడి ఈ పుస్తకం రాయమన్నదీ ఆయనే. అచ్చు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చే రోజుల్లో ప్రతి స్వరం నెత్తినా ఒక గుర్తు పెట్టించాలంటే ఎంత ఓపిక ఉండాలో. మనం ఇప్పుడు టైపు చేసేటప్పుడు ఒక్క చుక్క పెట్టడానికి బద్ధకిస్తున్నాం. ఆ గుర్తులన్నీ ఈనాటి మామూలు పుస్తకాల్లో ఎందుకు ఉండవని టీచర్‌గారిని అడిగితే, "ముందు నీ ఝంప తాళం పది అక్షరాలు కానీ" అన్నారు.

అయింది. ఝంప అయింది, త్రిపుట అయింది, ఇప్పుడు అట తాళం మీద ఉన్నాను. ఖండజాతి, అంటే లఘువుకి ఐదు. ఐదు, ఐదు, రెండు, రెండు, పద్నాలుగు అక్షరాలు. ఇదీ వరుస:

స రి , గ , | స , రి గ , | మ , | మ , ||

లెక్కపెట్టి చూడండి, స్వరాలు ఎనిమిది, కామాలు ఆరు. మొదటి ఐదింటిలో కామా రి తర్వాత వస్తుంది, రెండో ఐదింటిలో స తర్వాతే వచ్చేస్తుంది, అక్కడే నేను దొరికిపోతున్నాను. మొదటి కాలం, అంటే మొదటి వేగం, బాగుంది, రెండో కాలం పర్వాలేదు, మూడో కాలంలో దెబ్బకి నాలుగు పడాలి కాబట్టి కామాలు కూడా పరిగెడతాయి. నిన్న క్లాసులో మూడోసారి తప్పాక, నాలుగో తరగతి చదివే పిల్ల ఒకతి నా నోట్‌బుక్ తీసుకుని, పెన్సిల్‌తో ఆరు కామాల చుట్టూ ఆరు సున్నాలు చుట్టి ఇచ్చింది.

"ఇవి కూడా పాడాలి ఆంటీ."