లెపర్డ్ గెకోల పెంపకంలో నంబర్లు, చిట్టాలు

ఇళ్లలో పెంచుకునే బల్లి జాతి లెపర్డ్ గెకోలలో, ఒంట్లో నల్లరంగు లేకుండా పుట్టే ఆల్బినోను ఎంత నిశితంగా చూసినా, అది ట్రెంపర్ వంశానిదో, బెల్ వంశానిదో, రెయిన్‌వాటర్ వంశానిదో కంటిచూపుతో రూఢిగా చెప్పలేము. అమెరికాలో వేర్వేరు పెంపకందారుల దగ్గర బయటపడిన ఈ మూడు వంశాలకూ మూలం వేర్వేరు జన్యువులలోని మార్పులే కనుక, ట్రెంపర్ ఆల్బినోను బెల్ ఆల్బినోతో జత కలిపితే పుట్టే పిల్లలన్నీ మామూలు రంగులోనే ఉంటాయి, కాని రెండు లక్షణాలనూ లోపల మోస్తుంటాయి. ఆ పిల్లలను వివరాలు లేకుండా అమ్మేస్తే, తర్వాతి తరాల్లో పుట్టే ఆల్బినో ఏ వంశానిదో తేల్చడం దాదాపు అసాధ్యమవుతుంది. టెక్సాస్‌లో నేను చూసే రెప్టైల్ ఎక్స్‌పోలలో (బల్లులు, పాములు అమ్మే సంతల్లో) "ఆల్బినో" అని మాత్రమే రాసిన డబ్బాలు కనిపించినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. తరతరాలుగా కాపాడుకోవలసిన సమాచారం అక్కడితో తెగిపోయినట్టే.

నేను ప్రతి గెకోకూ ఎప్పటికీ మారని ఒక సొంత నంబరు ఇస్తాను. ఆ నంబరు గుడ్డు పెట్టిన నాడే పుడుతుంది. "24-07-3ఏ" అంటే 2024లో 7వ నంబరు ఆడ గెకో మూడోసారి పెట్టిన గుడ్లలో మొదటిది. లెపర్డ్ గెకో సాధారణంగా ఒక్కోసారి రెండు గుడ్లు పెడుతుంది కనుక ఏ, బి చాలు. రంగును, లింగాన్ని, ముద్దుపేరును నంబరులో కలపను. పిల్ల ఆడో మగో తెలియడానికి నెలలు పడుతుంది, పెరిగేకొద్దీ రంగు మారుతుంది. మారేవాటిని నంబరులో ఇరికిస్తే నంబరునే మార్చవలసి వస్తుంది. పాడైపోయిన గుడ్డు నంబరును కూడా మరోదానికి ఇవ్వను, ఎందుకంటే ఏ జంటకు ఎన్ని గుడ్లు పాడయ్యాయన్నది కూడా దాచుకోవలసిన సమాచారమే.

చిట్టాలు ఎక్కువగా తారుమారయ్యేది గుడ్డుకూ పిల్లకూ మధ్యనే. గుడ్డును తీసేటప్పుడు పైకి ఉన్న వైపున మెత్తని పెన్సిల్‌తో నంబరు రాస్తే, ఆ గుర్తును బట్టి దాన్ని ఇంక్యుబేటర్‌లోనూ తిరగబడకుండా ఉంచవచ్చు. గుడ్లను పొదగడానికి ఉంచే ప్లాస్టిక్ కప్పుల విషయంలో చాలామంది మూతమీదే రాస్తారు. రెండు కప్పులు ఒకేసారి తెరిచి తుడిచాక మూతలు మారిపోతే, ఆ పొరపాటు తర్వాత ఎవరికీ తెలియదు. కప్పుకూ మూతకూ రెండింటికీ రాయాలి. పిల్ల బయటికి వచ్చాక పగిలిన పెంకుమీది నంబరును కప్పు నంబరుతో సరిచూసి, బరువు తూచి, అప్పుడే చిట్టాలో ఎక్కించాలి.

పొదిగిన ఉష్ణోగ్రత రాయకపోతే చిట్టా సగమే. ఈ జాతిలో లింగాన్ని నిర్ణయించేది పొదిగే వేడి: సుమారు 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువగా ఆడవి, 32-33 దగ్గర ఎక్కువగా మగవి పుడతాయి, ఇంకా వేడి పెరిగితే మళ్లీ ఆడవే ఎక్కువవుతాయి. తండ్రి గురించి మరింత జాగ్రత్త అవసరం. ఆడ గెకో వీర్యాన్ని శరీరంలో నిలువ ఉంచుకుని, ఒక్క జతతోనే ఆ సీజన్‌లో పలుమార్లు సారవంతమైన గుడ్లు పెట్టగలదు. అదే సీజన్‌లో మరో మగదాన్ని కలిపితే, ఆ తర్వాతి గుడ్లకు ఇద్దరు తండ్రుల నంబర్లూ రాసి, పక్కన "నిర్ధారణ కాలేదు" అని చేర్చడమే నిజాయితీ. హెట్‌ల విషయమూ, అంటే ఒక లక్షణాన్ని పైకి కనబడకుండా లోపల మోసే గెకోల విషయమూ అంతే. తల్లిదండ్రులిద్దరూ ఒకే అంతర్గత లక్షణానికి (తల్లి నుంచీ తండ్రి నుంచీ అందితేనే పైకి కనిపించేదానికి) హెట్‌లైతే, మామూలుగా కనిపించే పిల్ల ఆ లక్షణాన్ని మోసే అవకాశం మూడింట రెండు వంతులే. దాన్ని 66 శాతం హెట్ అనే రాయాలి గాని, ఉత్త "హెట్" అని రాయకూడదు.

నంబరు కాగితంమీద ఉంటే చాలదు, జంతువును చూసి పోల్చుకోగలగాలి. పుట్టినప్పుడు మూడు గ్రాముల దగ్గర ఉండే పిల్లకు మైక్రోచిప్ పెట్టే ఆలోచనే తగదు. గుర్తుకోసం కాలివేళ్ల కొన కత్తిరించడం ఇంటి పెంపకంలో నేను ఒప్పుకోని పని. ఫొటోలే నయం. అయితే పిల్లప్పటి అడ్డపట్టీలు పెరిగేకొద్దీ విడిపోయి మచ్చలవుతాయి కనుక, కొన్ని నెలలకొకసారి తలనూ వీపునూ పైనుంచి, ఒకే వెలుతురులో తీస్తూ ఉండాలి. తోకను నమ్ముకోకూడదు. అది ఊడి మళ్లీ మొలిస్తే పాత నమూనా తిరిగి రాదు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి నేను లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు రకం లెపర్డ్ గెకోల సంగతి చెబుతాను. ఆ అందమైన రంగుతోపాటే చర్మంమీద తెల్లని కణితులు వస్తున్నాయని పెంపకందారులు గమనించారు, 2021లో పరిశోధకులు దాన్ని స్పింట్1 అనే జన్యువుతో ముడిపెట్టారు. ఏ జంటకు ఏ పిల్లలు పుట్టాయో, వాటికి ఏ వయసులో ఏమైందో రాసి ఉంటేనే, ఇలాంటి జబ్బు ఏ రక్తంలో వస్తోందో కనిపెట్టి ఆ జతలను ఆపగలం.

భారతదేశంలో పరిస్థితి వేరు. అక్కడ రక్షిత స్వదేశీ జాతులను పెంచడం నేరం. బాల్ పైథాన్, గ్రీన్ ఇగువానా వంటి సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలోని విదేశీ జాతులు ఇంట్లో ఉంటే, వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం వాటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించి, జననాలనూ మరణాలనూ చేతులు మారడాన్నీ తెలియజేయాలి. హైదరాబాద్‌లో ఇగువానాలు పెంచే మిత్రులకు నేను చెప్పేది ఒకటే: దరఖాస్తు రోజున తేదీలు గుర్తుచేసుకునే బదులు, ఏ రోజుది ఆ రోజే రాసుకోండి.

నా దగ్గర నుంచి పిల్ల వెళ్లేటప్పుడు దానితో ఒక కార్డు వెళుతుంది: దాని నంబరు, తల్లిదండ్రుల నంబర్లు, పుట్టిన తేదీ, పొదిగిన ఉష్ణోగ్రత, ఆల్బినో వంశం పేరు, ఆఖరుగా తూచిన బరువు. కొన్నవారు దానికి కొత్త పేరు పెట్టుకోవచ్చు గాని నంబరు మాత్రం మార్చవద్దని ఆ కార్డు వెనక రాసి ఇస్తాను.